వియ్యంకుడి ముక్కు, హస్ముఖ్‌భాయ్ లాన్

తోటపని నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చేవాళ్లు మొదట అడిగేది మొక్కల పేర్లు. పేర్లు ఫోనులో దొరుకుతాయి. దేనికి ఎండ కావాలి, దేనికి నీడ కావాలి, అదీ దొరుకుతుంది. పెరడు బాగుచేయించుకుంటున్న మనిషి బుర్రలో ఏముందో మాత్రం ఫోనులో దొరకదు. ముప్పై ఏళ్లకు పైగా సూరత్‌లో ఇళ్ల ముందూ వెనకా మట్టి తవ్వినదాన్ని. మొక్కల వల్ల నాకు వచ్చిన కష్టాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మనుషుల వల్ల వచ్చినవి చెప్పాలంటే ఇదుగో, ఇలా కూర్చుని రాయాలి.

మా అమ్మానాన్నలు సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి సూరత్ శివారు వడోద్‌లో ఒక గదిలో కాపురం పెట్టారు. పదిహేనేళ్లకు నన్ను చీరలు మడతపెట్టే పనిలో పెట్టారు. ఆ నూలు దుమ్ము నాకు పడలేదు. దగ్గి దగ్గి పక్కవాళ్ల నిద్ర పాడుచేస్తున్నానని అమ్మ ఒక నర్సరీలో కుండీలు నింపే పనికి పంపింది. కుండీల నుంచి పాదులకు, పాదుల నుంచి పెరళ్లకు వచ్చాను. పేరు భాగ్యలక్ష్మి. సూరత్‌లో అందరికీ భాగ్యబెన్‌ని, అంటే భాగ్యక్కని.

ఇప్పుడు మోకాళ్లు వంగనంటున్నాయి కాబట్టి పని మానేశాను. నాలుక ఇంకా బాగానే తిరుగుతోంది.

బ్రహ్మచారి బొప్పాయిలు

నా మొదటి యజమాని నర్సరీ శేఠ్. ఆయనకు 'తెలియదు' అనే మాట నోట్లోంచి వచ్చేది కాదు. ఏ మొక్క గురించి అడిగినా ఒక పేరు, ఒక దేశం చెప్పేవాడు. మా నర్సరీ గోడ పక్కన దానంతట అదే మొలిచిన తీగను కూడా సింగపూర్ తీగ అని అమ్మాడు. కొన్న ఆవిడ దాన్ని కారులో ముందు సీట్లో పెట్టుకుని తీసుకుపోయింది.

ఒకసారి ఒక టీచరమ్మ ఆరు బొప్పాయి మొక్కలు కొంది. అన్నీ కాయలు కాసేవేనని శేఠ్ మాటిచ్చాడు. బొప్పాయిలో ఆడ, మగ ఉంటాయని, పూత వచ్చేదాకా చాలా రకాల్లో ఏది ఏదో తెలియదని ఆయనకు తెలుసు. ఏడాది తిరక్కుండానే ఆవిడ వచ్చి, "ఆరు చెట్లూ పూలు పూస్తున్నాయి, ఒక్క కాయ లేదు" అంది. ఆరూ మగవే! శేఠ్ ఏమాత్రం తడుముకోకుండా, "ఇవి ఇంకా బ్రహ్మచారులు, బెన్. ఒక పిల్లను తెచ్చి పక్కన నాటండి" అని ఇంకో మొక్క అంటగట్టాడు.

ఆ ఏడోదీ మగదే అయింది.

ఈసారి ఆవిడ వస్తుంటే దూరం నుంచే చూసి శేఠ్ వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయాడు. తిట్లన్నీ నేను తిన్నాను. అన్నీ తిన్నాక, "బెన్, మా శేఠ్‌కు తెలియదు, నాకూ తెలియదు. పూత వచ్చేదాకా ఎవరికీ తెలియదు" అన్నాను. ఆవిడ టక్కున చల్లబడి, "ఈ మాట మొదటే చెబితే పది నాటుకునేదాన్ని కదా" అంది. తెలియదని చెప్పడానికి సిగ్గుపడకండి. శేఠ్ దగ్గర నేను నేర్చుకున్నది ఇదొక్కటే, అదీ ఆయన్ని చూసి, ఆయనలా చేయకూడదని.

చీరలతో కొలిచిన పెరడు

ఇక అసలు కథ. 2020లో కరోనాకు సూరత్ మూతపడింది. మగ్గాల చప్పుడు ఆగిపోతే మా వీధిలో పావురాల చప్పుడు వినిపించింది. పావురాలకు గొంతు ఉందని అప్పుడే తెలిసింది మాకు.

హస్ముఖ్‌భాయ్ చీరల వ్యాపారి. అరవై ఏళ్ల వయసులో జీవితంలో మొదటిసారి పగటిపూట ఇంట్లో ఉన్నాడు. ఉండి, తన బంగళా వెనక పెరడు ఉందని కనిపెట్టాడు. అంతకుముందు నేను ఆ ఇంటి ముందు పూలకుండీలు చూసేదాన్ని కాబట్టి నా నంబరు ఆయన దగ్గర ఉంది. రోజుకు మూడుసార్లు వీడియో కాల్.

"భాగ్యబెన్, మన వెనక ఇంత జాగా ఉందని నాకెవరూ చెప్పలేదేంటి?"

"మీ ఇల్లే కదా, భాయ్!"

"నేను పొద్దున పోతే రాత్రికి వచ్చేవాణ్ణి. చీకట్లో ఏం కనిపిస్తుంది?"

ఫోను పట్టుకుని పెరడంతా తిప్పి చూపించేవాడు. నాకు కనిపించేది ఆకాశం, ఆయన ముక్కు రంధ్రాలు, మళ్లీ ఆకాశం. కొన్నాళ్లకు ఆయన అసలు సంగతి చెప్పాడు. కూతురి పెళ్లి చలికాలంలో చేయాలి. పెద్ద హాళ్లు లేవు, యాభై మందికి మించి పిలవకూడదన్నారు. పెళ్లి పెరట్లోనే. "పెద్ద హోటల్లో ఉంటుంది చూడండి, అలాంటి లాన్ కావాలి" అన్నాడు.

లాన్ అంటే తెలుసు కదా, మట్టితో సహా కోసి చాపల్లా చుట్టి అమ్ముతారు. తెచ్చి పరిస్తే ఒక్కరోజులో నేల పచ్చబడుతుంది. దానికి కొలతలు కావాలి. ఇంట్లో టేపు లేదు, దుకాణాలు లేవు, నేను వెళ్లడానికి లేదు. హస్ముఖ్‌భాయ్‌కి ఒక ఉపాయం తట్టింది. చీరలు పరిచి కొలిచాడు.

"పొడవు మూడు చీరలు, వెడల్పు రెండు చీరలు. చీర అయిదున్నర మీటర్లు. లెక్క వేసుకోండి" అన్నాడు గర్వంగా.

నేనూ వేసుకున్నాను. చీరల మధ్యే పుట్టి పెరిగినదాన్ని, చీరలు మడతపెట్టినదాన్ని, నాకూ తట్టలేదు. ఆయన కొలిచినవి రవికగుడ్డ కలిపి ఉన్న చీరలు! ఒక్కో దానికి ముప్పావు మీటరుకు పైగా ఎక్కువ.

వానాకాలం వెళ్లి, రాకపోకలు మొదలయ్యాక గడ్డి లారీ వచ్చింది. పరిచినవాడు మా అక్క మొగుడు పోశన్న బావ. సూరత్ పక్క జోల్వాలో మగ్గాలు నడిపేవాడు, మగ్గాలు ఆగితే నాతో వచ్చేశాడు. నలభై ఏళ్లు మగ్గాల హోరులో ఉండి చెవులు మొద్దుబారాయి. ఆయన గుసగుసలాడితే మూడో ఇంట్లో కిటికీ తెరుస్తారు. గడ్డిని మాత్రం బట్ట పరిచినట్టు పరిచాడు, అంచుకు అంచు, ఎక్కడా ముడత లేకుండా. చివరికి వచ్చేసరికి నిలబడిపోయాడు.

"ఏంది భాగ్యా, గిట్ల తక్కువొచ్చింది?"

పొడవున ఎనిమిది అడుగులు, వెడల్పున అయిదు అడుగులు గడ్డి చేరని నేల. హస్ముఖ్‌భాయ్ ఒక చీర తెచ్చి మళ్లీ పరిచాడు. అప్పుడు రవికగుడ్డ అంచు పోశన్న బావ కంటబడింది. "బ్లౌజ్ పీస్!" అని ఆయన అరిచిన అరుపుకు ఇంట్లో ఆడవాళ్లందరూ కొంగులు సర్దుకున్నారు.

అప్పటి నుంచి నా సంచిలో రెండు టేపులు పెట్టుకునేదాన్ని. మీరూ పెట్టుకోండి. ఎవరి కొలతా నమ్మకండి, ముఖ్యంగా లెక్కలు బాగా వచ్చినవాళ్ల కొలత.

బా పాప్డీ

గడ్డి తక్కువ వచ్చినందుకు ఆ ఇంట్లో ఒక్కరే సంతోషించారు. హస్ముఖ్‌భాయ్ తల్లి, అందరూ బా అని పిలిచే ముసలావిడ. గడ్డి చేరని ఆ మూలే ఆవిడ లాక్‌డౌన్‌లో కర్రలు పాతి పాప్డీ తీగలు ఎక్కించింది. పాప్డీ అంటే చిక్కుడులో ఒక రకం. చలికాలంలో సూరత్‌లో ఊంధియు అనే కూర వండాలంటే అది ఉండాల్సిందే. దాని కింద పచ్చి వెల్లుల్లి మళ్లు వేసింది.

పెళ్లికి ముందు అదంతా పీకేయమన్నాడు కొడుకు. "ఫొటోల్లో చిక్కుడుకాయలు పడతాయి" అన్నాడు.

బాకు ఆ మాట వినపడలేదు. కొడుకు మళ్లీ చెప్పాడు. మళ్లీ వినపడలేదు. నేను తీగల వెనక నిలబడి చాలా మెల్లగా, "బా, నాలుగు కాయలు కోసుకోనా?" అంటే, "లేతవి కోయకు!" అని అటు చివర నుంచి సమాధానం వచ్చింది.

నేను ఆవిడ పక్షం చేరాను. పెళ్లి ఒక్కరోజు. ఆ పెరట్లో రోజూ కూర్చునేది ఎవరు? పొద్దున చాయ్ గిన్నె పట్టుకుని పాప్డీ కింద కుర్చీ వేసుకునేది బా ఒక్కతే. మీరు ఏ ఇంటికి వెళ్లినా యజమాని వేలు చూపించిన చోటు కంటే ముందు, కుర్చీ వేసిన మచ్చ నేల మీద ఎక్కడుందో చూడండి. నేను హస్ముఖ్‌భాయ్‌తో, "గడ్డి ఇంక దొరకదు, పాప్డీ పీకితే బోడినేల కనిపిస్తుంది" అన్నాను. గడ్డి దొరకదన్నది నిజం. తీగలకు బంతిపూల దండలు కడతానన్నాను. ఒప్పుకున్నాడు. బా నన్ను పిలిచి, "దీక్రీ, లేతవి కూడా కోసుకో" అంది. దీక్రీ అంటే బిడ్డ.

నా తప్పు

ఇక్కడ నా తప్పు చెప్పాలి. పనిలో చేరేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవండి.

గడ్డి కింద వేయడానికి నేను ఎప్పుడూ తీసుకునే మాగిన పశువుల ఎరువు ఆ ఏడాది దొరకలేదు. ఒక కోళ్ల ఫారం అతను కోడి ఎరువు ఇస్తానన్నాడు. మాగిందా అని అడిగాను. మాగిందన్నాడు. చేతిలోకి తీసుకుని వాసన చూడాలి. ముఖానికి రెండు మాస్కులు ఉన్నాయి. అవి తీయడానికి భయపడ్డాను. పొడిగా, పొడిపొడిగా ఉంది కదా అని వేయించాను. అది నెలల తరబడి మాగాల్సిన పచ్చి ఎరువు.

వేసినప్పుడు, తర్వాత రోజూ పైపైన నీళ్లు చల్లినప్పుడు పెద్దగా తెలియలేదు. పెళ్లి ముందురోజు సాయంత్రం హస్ముఖ్‌భాయ్ ప్రేమ ఆపుకోలేక, గడ్డి ఇంకా పచ్చగా ఉండాలని, పైపు పెట్టి పెరడంతా చెరువు చేశాడు. మర్నాడు పొద్దున ఎండెక్కింది.

పెళ్లి

దండలు సరిచేయడానికి నేనూ బావా ఎనిమిదింటికి వెళ్లాం. గేటు దగ్గరే బావ ఆగిపోయాడు. మాస్కు ఉంది, అయినా ఆగిపోయాడు. నేను పెరట్లోకి పరుగెత్తాను. పచ్చటి గడ్డి, తెల్లటి కుర్చీలు, బంతిపూల మండపం, చూడటానికి ఎంతో అందంగా ఉంది. ముక్కుకు మాత్రం పదివేల కోళ్లు ఒకేసారి వచ్చి కూర్చున్నట్టుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"భాగ్యబెన్, ఏంటిది?" అన్నాడు హస్ముఖ్‌భాయ్. షేర్వాణీలో ఉన్నాడు, చేతిలో అగరొత్తుల కట్ట. ఒక వత్తి కాదు, కట్టకు కట్టే వెలిగించాడు. పన్నీరు చల్లించాడు. అప్పుడు పదివేల కోళ్లు పన్నీటి స్నానం చేసి వచ్చినట్టయింది.

మగపెళ్లివారు దిగారు. గేటు దగ్గర శానిటైజరు, నుదుటికి తుపాకీ లాంటి థర్మామీటరు. గుజరాతీ పెళ్లిలో అత్తగారు గుమ్మంలో అల్లుడి ముక్కు పట్టుకుని లాగాలి, అదొక వేడుక. ముక్కు మాస్కులో ఉంది కాబట్టి ఆవిడ మాస్కు పట్టుకుని లాగింది. పెళ్లికొడుకు ఒక్క పీల్పు పీల్చాడు. వెంటనే మాస్కు ఆవిడ చేతిలోంచి లాక్కుని తగిలించుకున్నాడు. అందరూ ఇదీ వేడుకలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

పెళ్లి చేయించే మహారాజ్ మంత్రాలు మొదలుపెట్టాడు. అంతా నిశ్శబ్దం. అప్పుడు పోశన్న బావ పెరడు ఆ చివర నుంచి నాతో గుసగుసలాడాడు.

"భాగ్యా! వాసన! వాసన మస్తుగొస్తుంది!"

మంత్రం ఆగిపోయింది. యాభై తలలు ఆయన వైపు తిరిగాయి. ఒక ముసలావిడ మనవరాలి చెవులు మూసింది. తెలుగువాళ్లకు అర్థం కాకపోవచ్చు, చెబుతాను. గుజరాతీలో వాసన అంటే కామం. పెళ్లి పీటల ముందు ఒక మీసాల మనిషి 'కామం, కామం, మస్తుగొస్తుంది' అని అరిచినట్టయింది.

"మా భాషలో కంపును అలా అంటారు!" అని నేను గట్టిగా చెప్పాను. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పీల్చుకుని వెంటనే బాధపడ్డారు.

దాంతో అప్పటిదాకా ఎవరూ పైకి అనని మాట పైకి వచ్చేసింది. హస్ముఖ్‌భాయ్ చేతులు జోడించుకుని వియ్యంకుడి దగ్గరికి వెళ్లాడు. వియ్యంకుడు నట్వర్‌భాయ్, సూరత్ పక్కనే ఉన్న కడోదరా మనిషి. ఇంత మర్యాదస్తుణ్ణి నేను చూడలేదు. కుర్చీ కాలు విరిగితే కుర్చీకి క్షమాపణ చెప్పే రకం.

"నట్వర్‌భాయ్, ఈ వాసనకు సిగ్గుపడుతున్నాను. క్షమించాలి."

"ఏ వాసన?" అన్నాడు నట్వర్‌భాయ్ మాస్కు దించి, చిరునవ్వుతో. "నాకేమీ రావడం లేదే. అంతా చాలా బాగుంది."

ఆయన అన్నది మర్యాద కోసం. కానీ ఆ రోజుల్లో ముక్కుకు వాసన తెలియడం లేదంటే ఏమనుకునేవారో మీకు గుర్తుంది కదా. పక్క కుర్చీ ఆయన లేచాడు. వెనక వరుస లేచింది. క్షణంలో నట్వర్‌భాయ్ చుట్టూ పచ్చటి ఖాళీ ఏర్పడింది.

ఆయన భార్య సరళాబెన్ ముఖం పాలిపోయింది. "ఏమండీ, నిజంగా రావడం లేదా?"

ఒక్కసారి రావడం లేదన్నాక ఇప్పుడు వస్తోందంటే వియ్యంకుణ్ణి రెండుసార్లు అవమానించినట్టు. "రావడం లేదు" అన్నాడు ఆయన.

ఎవరో కర్పూరం తెచ్చి చెయ్యి చాచి, దూరం నుంచి ముక్కు దగ్గర పెట్టారు. ఇది తెలుస్తుందంటే అదీ తెలుస్తుందని ఒప్పుకోవాలి. "ఇదీ రావడం లేదు" అన్నాడు. పరీక్షకు తీసుకుపోవాలి అన్నారు కొందరు. పెళ్లి ఆపాలి అన్నారు కొందరు. ముహూర్తం దాటిపోతోంది అన్నాడు మహారాజ్, ఆయన కూడా మండపంలో వెనక్కి జరిగి. పెళ్లికూతురు తండ్రి వైపు చూసింది. నెలలుగా ఆగి ఆగి వచ్చిన పెళ్లి. హస్ముఖ్‌భాయ్ గడ్డి మీద అలాగే కూలబడ్డాడు. కూర్చున్నాక అక్కడ కంపు ఇంకా ఎక్కువని తెలిసి లేచాడు.

నేను నట్వర్‌భాయ్‌నే చూస్తున్నాను. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఆయన ఊపిరి బిగబడుతున్నాడు. కళ్ల వెంట నీళ్లు. వాసన రాని మనిషి ఎందుకు ఊపిరి బిగబడతాడు?

ముందుకు వెళ్లాను. ఈ ఇంటి తర్వాత సూరత్‌లో నాకు ఎవరూ పని ఇవ్వరనుకున్నాను.

"నట్వర్‌భాయ్, ఈ కంపు హస్ముఖ్‌భాయ్‌ది కాదు, నాది. పచ్చి కోడి ఎరువు వేశాను. చూసుకోకుండా వేశాను. వాసన వస్తోందని మీరంటే ఆయన్ని అన్నట్టు కాదు, నన్ను తిట్టినట్టు. నన్ను తిట్టండి, నేను పడతాను."

ఆయన కళ్లు తుడుచుకుని, "తిట్టడానికేముంది, బెన్, అంతా బాగుంది" అన్నాడు. మర్యాద అంత గట్టిగా పట్టుకుంది.

అప్పుడు పాప్డీ కింద నుంచి బా లేచింది. కొంగు చాటున ఏదో పట్టుకుని, ఎవరు ఆపుతున్నా వినిపించనట్టే నడుచుకుంటూ వచ్చి ఆయన ముక్కు కింద పెట్టింది.

"ఇదేంటో చెప్పు. చెబితేనే నా మనవరాలు మీ ఇంటికి వస్తుంది."

నట్వర్‌భాయ్ కళ్లు మూసుకున్నాడు. పీల్చాడు. ముఖం మెల్లగా విప్పారింది. "పచ్చి వెల్లుల్లి," అన్నాడు. "ఇప్పుడే పీకారు. ఊంధియులోకి." ఇక కట్ట తెగినట్టు మాటలు దూకాయి. "బా, ఇక దాచలేను! కారు దిగినప్పటి నుంచి చచ్చిపోతున్నాను! గేటులోనే కళ్లు మండాయి! కోళ్ల ఫారంలో పెళ్లి పెట్టుకున్నారేమో, అడ్రసు సరిగ్గా చూసుకోలేదేమో అనుకున్నాను! ఇంత కంపు నా జన్మలో చూడలేదు!"

అంత ఘోరంగా తిట్టించుకుని అంత ఆనందపడిన ఆడపెళ్లివారిని మీరు చూసి ఉండరు. హస్ముఖ్‌భాయ్ కౌగిలించుకోబోయి, గుర్తొచ్చి, ఆరడుగుల దూరంలో నిలబడి గాలిని కౌగిలించుకున్నాడు. సరళాబెన్ ఏడుస్తూ నవ్వింది. మహారాజ్ రెండు పేజీలు ఒక్క ఊపిరిలో చదివేశాడు. ఊపిరి తీసుకోవడం ఇష్టం లేక అయ్యుంటుంది.

ఆ రోజు బా చేసింది డాక్టర్లు మెచ్చే పరీక్ష కాదు, నాకు తెలుసు. అందరి అదృష్టం బాగుంది. వారంలో లాన్ అంతా పసుపుపచ్చగా మాడిపోయింది. తవ్వి, మాగిన ఎరువు తెచ్చి మొత్తం మళ్లీ వేశాను. తప్పు చేస్తే మళ్లీ తవ్వాలి, వేరే దారి లేదు.

కడోదరా పెరడు

తర్వాతి ఏడాది వేసవిలో ఆ జబ్బు ఇంకా గట్టిగా వచ్చింది. ఎవరి ఇంట్లో ఎవరు పోయారో చెప్పి ఏడవడానికి కూడా తీరిక లేని రోజులు. వాటి గురించి ఇక్కడ రాయను. నట్వర్‌భాయ్‌ను ఆసుపత్రిలో పెట్టారని హస్ముఖ్‌భాయ్ చెప్పాడు. దేవుడి దయ, ఇంటికి తిరిగొచ్చాడు.

కొన్నాళ్లకు సరళాబెన్ ఫోన్ చేసింది. "ఈసారి నిజంగానే ముక్కు పోయింది, భాగ్యబెన్. రోజూ రకరకాల వాసనలు చూడమన్నారు డాక్టరు. పెరట్లో ఏమైనా చేయగలరా?"

కడోదరాలో వాళ్లది హైవేకు దగ్గరి ఇల్లు. వెనక అంతా సిమెంటు, ఒక మూల మోటారు, ఇంకో మూల పాత ఉయ్యాల, గోడ వెంట మురుగు పోయే మోరీ. నేనూ బావా సిమెంటు పగలగొట్టాం. నట్వర్‌భాయ్ నీరసంతో ఇంకా నడవలేని మనిషి, అందుకని తోటను ఆయన దగ్గరికే తీసుకొచ్చాం. ఉయ్యాలను గోడ అవతలి నుంచి వాలిన వేపచెట్టు నీడకు మార్చి, దానికి రెండు పక్కలా నడుము ఎత్తున ఇటుకలతో మళ్లు కట్టాం. చెయ్యి చాపితే తులసి, పుదీన, వామాకు, చాయ్‌లో వేసే నిమ్మగడ్డి. రెండో వైపు మల్లెలు.

మొదటిరోజే నట్వర్‌భాయ్ పుదీన తుంచి పీల్చి, "ఆహా, ఎంత బాగుంది!" అన్నాడు. రెండోరోజు మల్లె. "ఆహా!" వారంలో బాగైపోయాడని బావ సంబరపడ్డాడు.

నాకు అనుమానం వచ్చింది. ఒక క్రోటను ఆకు తుంచి నలిపి ఇచ్చాను. దానికి చెప్పుకోదగ్గ వాసన ఏమీ ఉండదు.

"ఆహా, అమోఘం!" అన్నాడు.

"నట్వర్‌భాయ్, నాతో అబద్ధం ఆడకండి. సరళాబెన్‌తో ఆడండి, డాక్టరుతో ఆడండి. మట్టిలో చేతులు పెట్టి ఇదంతా కట్టింది నేను. నాకు నిజం చెప్పండి."

ఆయన ఆకు పక్కన పెట్టాడు. "ఏమీ తెలియడం లేదు, బెన్" అన్నాడు. "తిండి కూడా అంతే. ఆవిడ నా కోసం రెండు పూటలా వండుతోంది. బాగుంది అంటున్నాను. ఏం తిన్నానో ఆవిడ చెబితే తెలుస్తోంది. ఆవిడ ముఖం చూసి లేదని చెప్పలేకపోతున్నాను."

వంటగది కిటికీ తెరిచే ఉంది. సరళాబెన్ బయటికి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. "నాకు తెలుసు," అంది. "నిన్న పప్పులో ఉప్పు వేయలేదు. ఉప్పు సరిపోయిందన్నారు." ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన నిజం చెప్పడం మొదలుపెట్టాడు. తులసి: లేదు. పుదీన: లేదు. మల్లె: లేదు. నెలన్నర పాటు, నేను వెళ్లిన ప్రతిసారీ, వరుసగా అన్నీ పీల్చి అన్నింటికీ లేదు. మల్లెలు నిండుగా పూశాయి. వాటిని చూస్తే నాకే కోపం వచ్చేది.

వానలు పడ్డాయి. మోరీ పొంగి మళ్లలోకి వస్తోందని సరళాబెన్ చెబితే వెళ్లాం. బావ పంచె ఎగ్గట్టి మోరీలో దిగి, పార పెట్టి నల్లటి బురద ఎత్తిపోస్తున్నాడు. నేను తులసి మడి పక్కన గట్టు వేస్తున్నాను. నట్వర్‌భాయ్ ఉయ్యాల మీద ఉన్నాడు.

"ఛీ!" అన్నాడు ఉన్నట్టుండి.

పార ఆగింది.

"ఛీ ఛీ! ఏం కంపు ఇది! మనుషులుండే ఇల్లేనా! భాగ్యబెన్, ఆ మోరీ మూయించండి! కడుపులో తిప్పుతోంది!"

సరళాబెన్ గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "ఏమన్నారు? మళ్లీ అనండి."

"కంపు అన్నాను! అసహ్యమైన కంపు!" ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ముక్కు ఎగబీల్చి అటూ ఇటూ తిప్పాడు. "మోరీ ఒక్కటే కాదు, ఈ పోశన్నభాయ్ కూడా! చెమట! బురద! బీడీ! ఈ మనిషి స్నానం చేసి ఎన్ని రోజులైంది?"

బావకు గుజరాతీ వచ్చు గానీ చెవి అందుకోలేదు. "ఏమంటుండు భాగ్యా?"

"నువ్వు గబ్బు కొడుతున్నవంటుండు బావా!"

"అట్లనా!" బావ ముఖం వెలిగిపోయింది. "మరి గంత దూరం నుంచేంది? జర దగ్గరికి పోత ఆగు."

పార పక్కన పడేసి, బురద కాళ్లతోనే వచ్చి, ఉయ్యాల ముందు రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. నట్వర్‌భాయ్ ముక్కు మూసుకుని, పగలబడి నవ్వుతూ, పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చాడు.